షిర్డీ దారిలో యుద్ధ ట్యాంకులు: హైదరాబాద్ నుంచి అహ్మద్‌నగర్ వెళ్ళి చూసొచ్చే పద్ధతి

హైదరాబాద్‌లో ట్యాంక్ అంటే హుస్సేన్ సాగరే. ట్యాంక్ మ్యూజియానికి వెళ్తున్నామంటే మా పక్కింటావిడ "బండ్ మీద కొత్తగా పెట్టారా?" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు. యుద్ధ ట్యాంకుకి ఆ పేరు వచ్చిందే నీళ్ళ ట్యాంకు నుంచి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు ఈ బండ్లు తయారుచేస్తున్న సంగతి బయటికి పొక్కకుండా, నీళ్ళు మోసే తొట్లు చేస్తున్నామని చెప్పుకున్నారు. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధరంగంలో అవి మొదటిసారి దిగాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మనకు అందుబాటులో ఉన్న పెద్ద ట్యాంకుల మ్యూజియం మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో ఉంది. ఊరి పేరు ఇప్పుడు అధికారికంగా అహిల్యానగర్. అక్కడి జనం, బస్సు కండక్టర్లు మాత్రం వట్టి "నగర్" అంటారు. ఆర్మర్డ్ కోర్ అంటే సైన్యంలో ట్యాంకుల దళం. దాని శిక్షణ కేంద్రం ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్ 1994లో ఈ క్యావల్రీ ట్యాంక్ మ్యూజియం పెట్టింది. చెట్ల మధ్య, బాటల పక్కన, ఆరుబయట యాభై దాకా బండ్లు ఉన్నాయి.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి షిర్డీ నుంచి తిరిగొస్తూ, మే నెలలో, మిట్టమధ్యాహ్నం. నలభై నిమిషాల్లో బయటపడ్డాం. మావాడు ఇనుము మీద చెయ్యి పెట్టి చురుక్కుమని ఏడుపు. రెండోసారి జనవరిలో మా బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన అల్వాల్‌లో ఉంటాడు, ఆర్మర్డ్ కోర్‌లో విజయంత ట్యాంకు నడిపి రిటైరయ్యాడు. ఆయన శిక్షణ కూడా నగర్‌లోనే. మూడు గంటలు తిరిగాం, ఇంకా చాల్లేదు. ఆ రెండు ప్రయాణాలకు మధ్య తేడా ఏమిటో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

1. బయల్దేరేముందు చౌమహల్లాలో ఒక పూట

వింతగా ఉంటుంది గానీ, ట్యాంకుల యాత్ర చౌమహల్లా ప్యాలెస్‌లో మొదలుపెట్టండి. అక్కడ నిజాంల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంటుంది, సిల్వర్ ఘోస్ట్ రకం, 1912 నాటిది. వెనక సీటు సింహాసనంలా కట్టించిన కారు. దాని బానెట్, చక్రాలు, ముందుభాగం కాసేపు చూసి గుర్తుపెట్టుకోండి. నగర్ మ్యూజియంలో అన్నిటికన్నా పాత బండి ఆ సిల్వర్ ఘోస్ట్ చాసిస్ (అడుగు చట్రం) మీదే కట్టిన రోల్స్ రాయిస్ ఆర్మర్డ్ కారు. ఒకే చాసిస్ మీద ఇక్కడ సింహాసనం పెట్టారు, అక్కడ ఇనప డబ్బా, మెషిన్ గన్ పెట్టారు. ఇది ముందు చూసి వెళ్తే అక్కడ మొదటి అడుగులోనే పిల్లలు "అరె, మన నిజాం కారు!" అంటారు. శుక్రవారం చౌమహల్లాకి సెలవు, మర్చిపోకండి.

2. దారి ఎంచుకోవడం

ట్యాంకుల కోసమే అంత దూరమా అని ఇంట్లో అడుగుతారు. అడగనివ్వకండి, షిర్డీతో కలపండి. మన వాళ్ళు ఎలాగూ ఏడాదికో రెండేళ్ళకో షిర్డీ వెళ్తారు. షిర్డీకి నగర్ ఎనభై కిలోమీటర్ల పైచిలుకు, శని శింగణాపూర్ మధ్యలోనే.

మేం చేసినది ఇదీ: రాత్రి రైల్లో నాగర్‌సోల్, అక్కణ్ణుంచి షిర్డీ, దర్శనం, మధ్యాహ్నం భోజనాలయ్యాక టాక్సీలో శింగణాపూర్, రాత్రికి నగర్‌లో బస. మర్నాడు పొద్దున్నే మ్యూజియం. రాత్రి నగర్‌లో పడుకోవడమే ఇందులో కీలకం. షిర్డీ నుంచి పొద్దున బయల్దేరితే టిఫిన్లూ, దారిలో శింగణాపూరూ అయ్యేసరికి ఎండ నెత్తిన ఉంటుంది.

సొంత కారుంటే మాత్రం తిరుగు ప్రయాణం సోలాపూర్ మీదుగా పెట్టుకోండి: నగర్, కర్మాళా, సోలాపూర్, నల్‌దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్, సంగారెడ్డి. మొత్తం 540 కిలోమీటర్ల దాకా వస్తుంది, ఆగుతూ వస్తే పది గంటలు పైనే. మ్యూజియం ఉన్నది నగర్‌లో సోలాపూర్ రోడ్డు వైపే కాబట్టి మళ్ళీ ఊళ్ళోకి పోనక్కర్లేదు. ఈ దారి ఎందుకంటున్నానో చివర్లో చెబుతాను.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. వానాకాలం కూడా బాగుంటుంది, పచ్చగా ఉంటుంది, నేల మాత్రం బురద. ఏప్రిల్, మే నెలల్లో వద్దంటే వద్దు.

3. గేటు దగ్గర

అది సైన్యం ప్రాంతం. ఇంట్లో పెద్దవాళ్ళందరి ఆధార్ కార్డులూ ఒకరి చేతిలో ఉండనివ్వండి, బ్యాగు అడుగున కాదు. ఏ రోజు ఏ వేళకి తెరుస్తారో ముందు రోజే బస చేసిన చోట వాకబు చేసుకోండి. గేటును, కాపలా జవాన్లను, పక్కనున్న మిలిటరీ భవనాలను ఫోటో తీయొద్దు. లోపల ట్యాంకుల సంగతి వేరు, అక్కడి వాళ్ళను అడిగి తీసుకోవచ్చు.

బూట్లు వేసుకోండి. టోపీ, నీళ్ళు. ట్యాంకు ఎక్కొద్దు, పిల్లల్ని ఎక్కించొద్దు. మర్యాద సంగతి అటుంచి, ఫెండర్ల అంచులు కత్తిలా ఉంటాయి, లోపలికి దిగే కంత మీది పాత మూత (హ్యాచ్) జారితే వేళ్ళు దక్కవు. టరెట్, అంటే ఫిరంగి ఉండే పైభాగం, కింద నీడలో కందిరీగలు కూడా చూశాం.

4. ట్యాంకును చదవడం

అసలు పని ఇక్కడుంది. ఏమీ తెలియకుండా వెళ్తే అయిదో ట్యాంకు దగ్గరికొచ్చేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. బాబాయి నాకు నేర్పింది కింది నుంచి పైకి చూడటం.

మొదట కాళ్ళు. గొలుసు పట్టీ, దాన్ని వాళ్ళు ట్రాక్ అంటారు, ఎంత వెడల్పుందో చూడండి. వెడల్పు ఎక్కువైతే బరువు పరుచుకుంటుంది, బురదలో తక్కువ దిగబడుతుంది. బ్రిటిష్ వాళ్ళ చర్చిల్ ట్యాంకుకి ఒక్కో వైపు పదకొండు చిన్న చక్రాలు, జెర్రి కాళ్ళలా. మెల్లగా పోయేది గానీ నిటారు గుట్టలు ఎక్కేది. అమెరికన్ షెర్మన్‌కి చక్రాలు జతలుజతలుగా ఉంటాయి. బ్రిటిష్ మటిల్డాకి అసలు కాళ్ళే కనిపించవు, చీర కుచ్చిళ్ళలా ఇనప పలకలు కప్పేసి ఉంటాయి.

తర్వాత ఒళ్ళు. జపాన్ వాళ్ళ టైప్ 95 హా-గో దగ్గర ఆగి రివెట్ల తలకాయలు చూడండి. మన పాత ఇనప బీరువాలకు ఉండే లాంటివే. బయట గుండు తగిలితే ఆ రివెట్లు ఊడి లోపలున్న వాళ్ళకే బుల్లెట్లలా తగిలేవి. అందుకే తర్వాత తయారైన వాటిలో పోతపోసిన ఇనుమూ వెల్డింగూ వచ్చాయి. హా-గో కవచం దళసరి 12 మిల్లీమీటర్లే, మటిల్డాది ముందువైపు 78. చిటికెనవేలు మందానికీ బెత్తెడుకీ ఉన్నంత తేడా అది.

కవచం ఏటవాలుగా ఎందుకు పెడతారో పిల్లలు అడుగుతారు. మా ఆవిడ చెప్పిన జవాబే నాకు తెలిసిన వాటిలో ఉత్తమం: "బెండకాయను అడ్డంగా కోస్తే చక్రం వస్తుంది, ఏటవాలుగా కోస్తే పొడుగు ముక్క వస్తుంది. కాయ అదే, కత్తి పోవాల్సిన దూరం పెరిగింది." గుండుకీ అంతే. బాబాయి ఒక నిమిషం ఆగి, "నాకు స్కూల్లో ఇదే గంటసేపు బోర్డు మీద చెప్పారమ్మా" అన్నాడు.

ఇక తల, అంటే టరెట్. అన్నిట్లోనూ టరెట్ చుట్టూ తిరుగుతుంది, ఫిరంగి ఒక్కటే పైకీ కిందికీ కదులుతుంది. ఫ్రెంచ్ ఏఎంఎక్స్-13లో అలా కాదు. టరెట్ రెండు ముక్కలు. పై ముక్కకి ఫిరంగి బిగించేసి ఉంటుంది, తల మొత్తం ఊగుతుంది. లోపల రెండు డ్రమ్ములు, ఒక్కోదానిలో ఆరు గుండ్లు, వాటంతటవే ఫిరంగిలోకి ఎక్కుతాయి. ఆ పన్నెండూ అయిపోతే ఎవరో ఒకరు బయటికొచ్చి నింపాలి. అది తలుచుకుంటే టెన్షన్ వస్తుంది. 1962 అక్టోబర్‌లో చైనా యుద్ధమప్పుడు ఈ తేలికపాటి ట్యాంకులనే ఏఎన్-12 విమానాల్లో లదాఖ్‌లోని చుషుల్‌కి దించారు.

ఫిరంగి గొట్టం కొలతలు బోర్డు మీద మిల్లీమీటర్లలో ఉంటాయి, బుర్రకెక్కవు. నేను పండ్లలోకి మార్చుకున్నాను. మటిల్డాది 40, నిమ్మకాయ పడుతుంది. షెర్మన్‌ది 75, బత్తాయి. ప్యాటన్‌ది 90. విజయంతది 105, పీచు తీసిన కొబ్బరికాయ పట్టేటంత. మన దేశం చేతికి కొబ్బరికాయ వచ్చేసరికి 1960లు వచ్చాయి.

చివరగా గాయాలు. యుద్ధంలో పట్టుబడిన ట్యాంకుల మీద ఇవి వెతకండి. గట్టి ఇనప గుండు దూసుకెళ్తే కంత గుండ్రంగా ఉండి అంచు బయటికి పొంగుతుంది, ముద్దపప్పులో వేలు గుచ్చి తీసినట్టు. మందుగుండు పేలుడుతో సన్నటి లోహపు ధారను దూసి తొలిచే రకం గుండైతే కంత బొటనవేలు పట్టేంతే ఉంటుంది. చూడ్డానికి ఏమీ కాలేదనిపిస్తుంది. లోపల మాత్రం మంటే. బాబాయి అలాంటి కంత ఒకటి ఊహించుకుని చెబుతూ గొంతు తగ్గించాడు. మేమూ ఇంకేం అడగలేదు.

5. ఏ వరసలో చూడాలి

బాట ఎటు తీసుకెళ్తే అటు పోకండి. యాభై చూడకండి, పది చూడండి. నా వరస ఇదీ.

రోల్స్ రాయిస్‌తో మొదలు. తర్వాత మటిల్డా, దాని వెంటనే జర్మన్ల 88 మిల్లీమీటర్ల ఫిరంగి. ఆ ఫిరంగి ట్యాంకు కాదు, విమానాలు కూల్చడానికి చేసినది. మటిల్డాను ఉత్తర ఆఫ్రికాలో "ఎడారి రాణి" అనేవారు, ఇటలీ ఫిరంగులు దాని కవచం మీద పనిచేయలేదు. జర్మన్లు ఆకాశం వైపున్న ఈ 88ని నేల వైపు తిప్పారు. రాణి కథ ముగిసింది. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తేనే అర్థమవుతాయి, విడివిడిగా చూస్తే రెండు ఇనప ముద్దలు.

తర్వాత అమెరికన్ ట్యాంకులు స్టువర్ట్, షెర్మన్. ఇక్కడ హైదరాబాద్ వాళ్ళు కాస్త ఎక్కువసేపు నిలబడాలి. 1948 సెప్టెంబర్ 13న ఆపరేషన్ పోలోలో మేజర్ జనరల్ జయంతనాథ్ చౌధురి నడిపించిన ఒకటో ఆర్మర్డ్ డివిజన్ సోలాపూర్ వైపు నుంచి హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది ఈ రకం ట్యాంకులతోనే. 17న కాల్పులు ఆగాయి, 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. విమోచనమా, విలీనమా, సమైక్యతా అని ఏటా సెప్టెంబర్ 17న మన దగ్గర తగువు పడతారే, ఆ తగువు చక్రాలు ఇవి. మా తాతగారి తరం వాళ్ళు "యూనియన్ మిలిటరీ వచ్చింది" అని చెప్పుకున్నదీ వీటినే.

షెర్మన్ దగ్గర్నుంచి నేరుగా ప్యాటన్‌కి. 1965లో పాకిస్తాన్ దగ్గరున్న అమెరికన్ ప్యాటన్లు అప్పటికి కొత్తవి, మన షెర్మన్లు రెండో ప్రపంచ యుద్ధం నాటివి. పంజాబ్‌లోని అసల్ ఉత్తర్‌లో సెప్టెంబర్ 8 నుంచి 10 దాకా మనవాళ్ళు గుర్రపునాడా ఆకారంలో కాచుకుని, పొలాల్లోకి నీళ్ళు వదిలారు. ప్యాటన్లు బురదలో, చెరకు తోటల్లో చిక్కుకున్నాయి. జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల గన్‌తో ట్యాంకుల్ని కొట్టి పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్ చనిపోయింది ఆ 10వ తేదీనే. పట్టుబడ్డ ట్యాంకులన్నీ ఒకచోట చేర్చితే ఆ చోటుకి ప్యాటన్ నగర్ అని పేరొచ్చింది.

అక్కడ షెర్మన్లతో పోరాడిన రెజిమెంట్ పేరు డెక్కన్ హార్స్. 1790లో నిజాం కోసం లేపిన అశ్వదళం దాని మూలం. అప్పటి సైన్యాధ్యక్షుడు ఎవరంటే, పదిహేడేళ్ళ కిందట సోలాపూర్ దారిన వచ్చిన అదే చౌధురి.

పక్కనే బ్రిటిష్ ట్యాంకు సెంచూరియన్ చూడండి. ఆ యుద్ధంలోనే పూనా హార్స్ అనే రెజిమెంట్ సెంచూరియన్లను నడిపించిన లెఫ్టినెంట్ కల్నల్ ఆర్దేషిర్ తారాపోర్ ఉద్యోగం మొదలుపెట్టింది హైదరాబాద్ సంస్థాన సైన్యంలో. శిక్షణలో ఒక కుర్ర సిపాయి గ్రెనేడ్ సరిగా విసరలేకపోతే ఈయన దూకి దాన్ని తీసి విసిరాడు, అది చేయి దాటగానే పేలి ఛాతీకి గాయాలయ్యాయి. అది చూసిన ఎల్ ఎద్రూస్ ఆయన్ను పిలిపించి అభినందిస్తే, తనను ఆర్మర్డ్ దళంలోకి మార్చమని అడిగాడట. అలా హైదరాబాద్ లాన్సర్స్‌కి వచ్చాడు. 1965 సెప్టెంబర్ 16న రణరంగంలో చనిపోయాడు, పరమవీరచక్ర ఇచ్చారు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో డిసెంబర్ 16న బసంతర్ నది దగ్గర అదే రెజిమెంట్‌కి చెందిన అరుణ్ ఖేతర్‌పాల్‌కీ మరణానంతరం అదే పురస్కారం.

ఓపిక ఉంటే పీటీ-76, చాఫీ అనే తేలికపాటి ట్యాంకుల జంట. నీళ్ళ మీద ఈదే ఈ రష్యన్ పీటీ-76 పడవలాంటి ముక్కుతో ఉంటుంది. 1971 నవంబర్‌లో అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని గరీబ్‌పూర్ పొగమంచులో మన పీటీ-76లూ పాకిస్తాన్ చాఫీలూ ఎదురుపడ్డాయి, మనవాళ్ళు గెలిచారు. రెండూ ఇక్కడ ఒకే ఆవరణలో ఎండలో నిలబడి ఉన్నాయి.

విజయంత ఆఖర్న. చెన్నై దగ్గరి ఆవడిలో తయారైంది. డిజైన్ బ్రిటిష్‌ది, చేతులు మనవి. బాబాయి దాని ముందు కుడివైపు ఉన్న డ్రైవర్ హ్యాచ్ దగ్గర నిలబడి కాళ్ళతో లేని పెడళ్ళు తొక్కాడు, చేతులతో లేని లివర్లు లాగాడు. "స్టీరింగ్ లేదురా దీనికి. కుడి లివర్ లాగితే కుడికి తిరుగుతుంది. ఎండాకాలం రాజస్థాన్‌లో లోపల కూర్చుంటే చెమట బూట్లలోకి కారేది" అన్నాడు. చనువుగా దాని ముక్కు మీద రెండు దెబ్బలు వేశాడు, ఎడ్ల మీద వేసినట్టు. ఆర్మర్డ్ కోర్‌లో జవాన్‌ని ఇప్పటికీ సవార్ అంటారు, హవల్దార్‌ని దఫేదార్ అంటారు. అశ్వదళాల నాటి పిలుపులవి. గుర్రాలు పోయి ఎనభై ఏళ్ళు దాటినా అవి పోలేదు.

మీకు మా బాబాయి లాంటి మనిషి లేకపోతే వెతకండి. సికింద్రాబాద్, అల్వాల్, మల్కాజిగిరి వైపు మాజీ సైనికులు లేని వీధి తక్కువ. ఒక్క ఆర్మర్డ్ కోర్ ఆయన్ను వెంట తీసుకెళ్తే చాలు, ఏ బోర్డూ చదవక్కర్లేదు.

6. తిరుగు దారి

మ్యూజియం పక్కనే ఫరా బాగ్ ఉంది, అహ్మద్‌నగర్‌ను ఏలిన నిజాంషాహీ సుల్తానుల నాటి (మన నిజాంలు కాదు) ఎనిమిది పలకల ప్యాలెస్, శిథిలావస్థలో. అరగంట చాలు. కోట కూడా చూడాలనుకుంటే, 1942లో నెహ్రూను జైల్లో పెట్టింది అక్కడే, ఇంకో పూట కావాలి. హడావిడిగా రెండూ చూడొద్దు.

పదకొండింటికి బయల్దేరితే సాయంత్రానికి సోలాపూర్. అక్కడ కొట్టుకెళ్ళి భయం లేకుండా తెలుగులో అడగొచ్చు. మగ్గాల పనికి తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. దుప్పటి, వేరుశనగ చట్నీ పొడి కొనకుండా వస్తే ఇంట్లో మాట పడాల్సి వస్తుంది.

సోలాపూర్ దాటాక హైదరాబాద్ వైపు నల్‌దుర్గ్. 1948లో ట్యాంకులు మొదట తలపడ్డది ఇక్కడే, ఈ కోట పక్కనే, బోరి నది మీద వంతెన కోసం. బీజాపూర్ ఆదిల్‌షాహీ సుల్తానులు ఆనకట్ట గోడలోనే కట్టిన పానీ మహల్ ఉంది, వానాకాలంలో దాని మీదుగా నీళ్ళు దూకుతాయి. అక్కణ్ణుంచి మీరు వచ్చే రోడ్డు, షెర్మన్లు వచ్చిన దారి ఒకటే: హుమ్నాబాద్, జహీరాబాద్. సంగారెడ్డి దగ్గర్లోనే ఎద్దుమైలారం ఉంది, సైనికుల్ని మోసే సారథ్ అనే బీఎంపీ-2 కవచ బండ్లు తయారయ్యే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఊరు. 2008లో మన ఐఐటీ మొదట నడిచింది ఆ ఆవరణలోనే. అదృష్టం ఉంటే హైవే మీద ట్రెయిలర్ ఎక్కి పోతున్న కొత్త బండి ఎదురవుతుంది, టార్పాలిన్ కింద గొట్టం మాత్రం కనిపిస్తూ. మాకు ఎదురైంది. బాబాయి నిద్ర లేచాడు.

నల్‌దుర్గ్ కోట చీకటి పడకముందే చూడాలి కాబట్టి, సోలాపూర్‌లో దుప్పట్ల బేరం దగ్గర అరగంట మించనివ్వకండి.